తోటకు మట్టి కొట్టించుకునేటప్పుడు: ఏ మట్టి, ఎన్ని ట్రిప్పులు, డబ్బా లేవకముందు ఏం చూడాలి

అడిగిన సంగతి ఇది. నల్లగొండలో కొత్త ఇల్లు. ముందు 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పున లాన్ వేసుకోవాలని ఉంది. కాంపౌండ్ గోడ వెంట 30 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పున పూలమడి, వెనక 10 అడుగులకు 4 అడుగులు చొప్పున కూరగాయల మళ్లు మూడు. బిల్డర్ జాగా అంతటా మొరం పోసి, రోలర్ తిప్పి వెళ్లిపోయాడు. దాని మీద ఎన్ని ట్రాక్టర్ల ఎర్రమట్టి పోయించాలి, ఎంత రేటు పెట్టవచ్చు అని ప్రశ్న.

లెక్క కింద చెప్తాను. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది మీకు వచ్చేది ఏ మట్టి అన్నది. ట్రాక్టర్ డబ్బా పైకి లేచి మట్టి కింద పడ్డాక మీ చేతిలో ఏమీ ఉండదు. దాన్ని మళ్లీ ఎత్తించాలంటే మట్టి కొన్నదానికన్నా ఎక్కువ కూలి అవుతుంది. కాబట్టి చూసుకోవాల్సిందంతా వెనక గేటు తెరవకముందే చూసుకోవాలి.

మన వైపు ఎర్రమట్టి అన్న పేరు మీద మూడు రకాల సరుకు వస్తుంది. ఒకటి మొరం. రాయి చివికి రాలిన గరుకు సరుకు అది. రోడ్డుకు, బేస్‌మెంట్ నింపడానికి పనికొస్తుంది. దిమ్మిస కొడితే గట్టిగా పట్టుకుంటుంది, అందుకే దాన్ని వాడతారు, అందుకే మొక్కకు పనికిరాదు. రెండోది పునాదులకు, సెల్లార్లకు, సంపులకు తవ్వినప్పుడు వచ్చే లోపలి మట్టి. రంగు ముదురు ఎరుపు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నాలుగైదు అడుగుల లోతు నుంచి వచ్చింది కాబట్టి అందులో కుళ్లిన ఆకు, వేరు, జీవం ఉండవు. తడిస్తే జిగట, ఎండితే ఇటుక. మూడోది చెల్క పైమట్టి. పంట పండిన నేల మీద పైన ఆరు నుంచి తొమ్మిది అంగుళాల్లో ఉండేది. మీకు కావాల్సింది ఇది. రంగు లోపలి మట్టి అంత ఎర్రగా ఉండదు, కాస్త గోధుమ వన్నె కలుస్తుంది. సన్నటి వేర్ల ముక్కలు, ఎండు ఆకు తునకలు కనిపిస్తాయి. ఎక్కువ ఎరుపు ఉంటే ఎక్కువ బలం అనుకుని చాలామంది మోసపోయేది ఇక్కడే.

ఫోన్‌లో "ఎర్రమట్టి కావాలి" అని మాత్రం అంటే, ఆ రోజు ఎక్కడ జేసీబీ నడుస్తుంటే అక్కడి మట్టి వస్తుంది. "మొక్కలకు, చెల్క పైమట్టి, రాళ్లు లేకుండా, అడుగు లోతు లోపల తీసింది. ఎక్కడి నుంచి తెస్తున్నారు?" అని అడగండి. ఎక్కడి నుంచో చెప్పలేని వాళ్ల దగ్గర తీసుకోకండి. వెంచర్లలో రోడ్లు వేసేముందు చేను పైమట్టి గీకేస్తారు, అది మంచి సరుకు. ఎట్లాగూ తారు కిందికో కాంక్రీటు కిందికో పోయే మట్టి మీ తోటకు వస్తుంది. సాగులో ఉన్న చేను మీద పైమట్టి గీకి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ చేను మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది, దాన్ని కొనకపోవడం మంచిది.

కాలువ కింది వరి మడి మట్టి మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు తేలిగ్గా దొరుకుతుంది. బలం ఉంటుంది గానీ, ఏళ్ల తరబడి దమ్ము చేసి చేసి మెత్తటి ఒండు అయిపోయి ఉంటుంది. అట్లాగే పోస్తే నీళ్లు దిగవు. కొన్నిచోట్ల ఉప్పు కూడా పేరుకుని ఉంటుంది. పరీక్ష చేయించకుండా దాన్ని తీసుకోవద్దు. గద్వాల, అలంపూర్ వైపు అయితే నల్లరేగడి చవగ్గా వస్తుంది. అందులో బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత పగుళ్లు వస్తాయి. గోడ వెంట మడిలో అది నింపితే ఏటా వానాకాలంలో ఉబ్బి గోడను నెడుతుంది. నాలుగించుల కాంపౌండ్ గోడ నాలుగైదు ఏళ్లలో బయటికి వాలడం చూడొచ్చు. రేగడి వాడాలంటే మొత్తం మట్టిలో నాలుగో వంతు దాటకుండా, బాగా కలిపి వాడాలి.

ఇక చెరువు పూడిక. 2015లో చెరువుల పూడిక తీసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి పూడికమట్టి విలువ అందరికీ తెలిసింది, రైతులే ట్రాక్టర్లు పెట్టి చేలకు తోలుకున్నారు. చెల్క మట్టికి లేనిది పూడికలో ఉంటుంది: సన్నటి ఒండు, కొంత సేంద్రియం, తేమ పట్టే గుణం. చెల్కలో పోసిన నీళ్లు తొందరగా దిగిపోతాయి, పూడిక కలిస్తే తడి ఇంకొన్ని రోజులు నిలుస్తుంది. మూడు పాళ్ల చెల్కకు ఒక పాలు పూడిక సరిపోతుంది. పూడిక ఒక్కటే నింపితే పైన పెచ్చు కట్టి, వేర్లకు గాలి అందక మొక్క కుంగిపోతుంది. ఒక జాగ్రత్త: ఊరి మురుగు కలిసే చెరువు పూడిక వద్దు. అందులో గాజు పెంకులు, ప్లాస్టిక్, సిరంజీలు కూడా వస్తాయి, కంటికి కనిపించని లోహాలూ ఉంటాయి. ఆకుకూరలు పెంచే మడిలో అది ఉండకూడదు. తడిగా ఉన్న పూడిక నీలం కలిసిన నలుపు రంగులో, కుళ్లిన గుడ్డు వాసనతో వస్తే గాలి అందక మురిగిందని అర్థం. చెడిపోయిన మట్టేమీ కాదు. పలుచగా పరిచి రెండు మూడు వారాలు ఎండనిచ్చి, పెడ్డలు పగలగొట్టి, వాసన పోయాక వాడుకోవచ్చు.

డబ్బా గేటు దగ్గర చేసే పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. ఒక నీళ్ల సీసా, ఒక నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి. పైన కనిపించే మట్టి చూసి మోసపోవద్దు. మంచిది పైన పోసి, అడుగున మొరం ఉంచే డబ్బాలు ఉంటాయి. గేటు సందులోంచి, పక్కల నుంచి మోచేతి దాకా చెయ్యి పెట్టి లోపలి పిడికెడు తీయండి. గోలీ కన్నా పెద్ద రాళ్లు పిడికిలికి రెండు మూడుకు మించి వస్తే వెనక్కి పంపండి. మిగతా మట్టిని తడిపి ముద్ద చేసి అరచేతుల మధ్య పొగాకు చుట్టలా పొడుగ్గా దొర్లించండి. అసలు చుట్ట కాకుండా విడిపోతే ఇసుక మట్టి, పూడిక ఎక్కువ కలపాలి. రెండు మూడు అంగుళాలు సాగి విరిగితే సరైన మట్టి. పెన్సిలంత సన్నగా చేసి, ఉంగరంలా వంచినా పగలకుండా ఉంటే బంకమట్టి, మడికి పనికిరాదు. అదే ముద్ద మీద నిమ్మరసం పిండండి. బుస్సుమని నురుగు వస్తే అందులో సున్నం ఉంది. నిమ్మకు అంత ఘాటు లేదు కాబట్టి కొంచెం సున్నం ఉంటే నురుగు రాకపోవచ్చు. అనుమానం ఉంటే చిటికెడు పొడి మట్టి మీద బాత్రూమ్ యాసిడ్ ఒక్క చుక్క వేసి చూడవచ్చు, కళ్లకు దూరంగా. సున్నం ఎక్కువున్న మట్టిలో ఇనుము మొక్కకు అందదు. కొత్త ఆకులు ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా మారతాయి. గులాబీ, మందార, జామ, నల్లగొండలో అందరికీ తెలిసిన బత్తాయి, ఇవి ముందు బలయ్యేవి.

తర్వాత ముక్కు దగ్గర పెట్టుకోండి. తొలకరి పడ్డప్పటి వాసన రావాలి. డీజిల్, ఫినాయిల్, మురుగు వాసన వద్దు. వేళ్లతో నలిపి చూస్తే ఎక్కడైనా వేరుశనగ గింజంత నల్లని గడ్డలు, వాటిని కలుపుతూ తీగలాంటి వేర్లు కనిపిస్తే అది తుంగ. ఇంకో మాట వద్దు, బండి వెనక్కి పంపేయండి. తుంగ ఒకసారి మడిలోకి వస్తే ఏళ్లపాటు పీకుతూనే ఉంటారు. ఆకు పీకినా కింద గడ్డ ఉంటుంది, ఒక గడ్డ నుంచి ఇంకో నాలుగు పుడతాయి. గరిక, వయ్యారిభామ కన్నా ఇది పాడు చేస్తుంది. వయ్యారిభామ విత్తనంతో వస్తుంది కాబట్టి పూతకు రాకముందు రెండుసార్లు పీకితే తగ్గిపోతుంది. తుంగ అలా పోదు.

నాలుగైదు ట్రిప్పులు తెప్పిస్తున్నారంటే ఒక ట్రిప్పు మట్టి వచ్చాక సీసా పరీక్ష కూడా చేయండి. లీటరు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు బట్టల సబ్బుపొడి. మూత బిగించి రెండు నిమిషాలు బాగా ఊపి కదలని చోట పెట్టండి. మొదటి నిమిషంలో అడుగున చేరేది ఇసుక, రెండు గంటల్లో దాని మీద దిగేది ఒండు, మరుసటి రోజుకు పైన చేరే సన్నటి పొర బంక. పెన్నుతో గీతలు పెట్టుకోండి. ఇసుక సగం, బంక ఐదో వంతు దగ్గర ఉంటే బాగుంది. ఇసుక నాలుగింట మూడు వంతులుంటే పూడిక పాలు పెంచాలి. నీళ్లు రెండు రోజులైనా తేరకుండా మురికిగానే ఉంటే బంక ఎక్కువ, లేదా చౌడు ఉంది. అలాంటప్పుడు ల్యాబ్‌కు పంపాల్సిందే.

ల్యాబ్ అంటే పెద్ద పని కాదు. కుప్పలో ఏడెనిమిది చోట్ల నుంచి తీసిన మట్టి కలిపి, నీడన ఆరబెట్టి, అర కిలో కవర్లో కట్టి పేరు, వివరాలు రాయండి. నల్లగొండ వైపు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం, పాలమూరు వైపు పాలెం పరిశోధన కేంద్రం ఉన్నాయి. వ్యవసాయ శాఖ భూసార పరీక్షా కేంద్రాల్లోనూ చేస్తారు. వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోండి. వచ్చే కాగితంలో ముందుగా చూడాల్సినవి మూడు. పీహెచ్, అంటే మట్టి పులుపు, క్షారం లెక్క, 6.5 నుంచి 7.5 మధ్య అయితే దాదాపు ఏ మొక్కైనా వస్తుంది. 8.5 దాటితే తోటకు తీసుకోకండి. ఈసీ 1 లోపుండాలి, అది ఉప్పు లెక్క. సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువ వస్తే కంగారు పడొద్దు, మన చెల్కల్లో అది సాధారణమే, ఎరువుతో పెంచుకుంటాం. ఈసీ, పీహెచ్ పాడైతే మాత్రం ఎరువుతో బాగుపడదు. కొందరు కాగితం చూడకుండానే జిప్సం పోస్తారు. అది సోడియం ఎక్కువున్న నేలకే, పరీక్ష తేల్చిన మోతాదులోనే.

ఇప్పుడు లెక్క. మట్టి సరుకు సీఎఫ్‌టీలో, అంటే ఘనపు అడుగుల్లో కొలవాలి. కొందరు బ్రాస్ అంటారు, అది 100 సీఎఫ్‌టీ. ట్రాక్టర్ ట్రిప్పు అన్నది కొలత కాదు, ఒక్కో డబ్బా ఒక్కో సైజు. టేపు పెట్టి డబ్బా లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తుంటే 90 సీఎఫ్‌టీ. ఎత్తు అడుగే ఉంటే 60. రెండు డబ్బాలకూ ఒకటే రేటు చెబితే తేడా అక్కడే తెలిసిపోతుంది. ఉదాహరణకు ఒకరు 90 సీఎఫ్‌టీ డబ్బాకు 1,800 అడిగితే సీఎఫ్‌టీ 20 రూపాయలు. ఇంకొకరు 60 సీఎఫ్‌టీకి 1,500 అడిగితే తక్కువ అనిపిస్తుంది గానీ 25 పడుతుంది. ఈ అంకెలు లెక్క చూపడానికే, ధర దూరాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. రేటు మాట్లాడేటప్పుడు దింపే చోటు, చదును చేయడం, కూలి అందులో ఉన్నాయా లేవా అన్నది ముందే తేల్చుకోవాలి.

మీ జాగాకు: లాన్ 300 చదరపు అడుగులు, మొరం మీద 6 అంగుళాలు పోయాలి, 150 సీఎఫ్‌టీ. పూలమడి 90 చదరపు అడుగులు, పొదలు, గులాబీలు కాబట్టి అడుగున్నర లోతు, 135. కూరగాయల మళ్లు మూడూ కలిపి 120 చదరపు అడుగులు, అడుగు లోతు, 120. మొత్తం 405. కొత్తగా పోసిన మట్టి నీళ్లు పడ్డాక దాదాపు ఆరో వంతు కుంగుతుంది, కాబట్టి 20 శాతం కలుపుకుంటే 486. ఇందులో మళ్లలో నాలుగో వంతు, లాన్‌లో ఆరో వంతు పశువుల ఎరువు ఉండాలి, అది 106 సీఎఫ్‌టీ అవుతుంది. మిగిలింది 380 మట్టి. 90 సీఎఫ్‌టీ డబ్బా అయితే నాలుగు ట్రిప్పులు, కొద్దిగా తక్కువ పడుతుంది. మూడు చెల్క, ఒకటి పూడిక తెప్పించండి. తక్కువైతే నెల తర్వాత మట్టి కుంగిన తీరు చూసి అర ట్రిప్పు తెప్పించుకోండి. అన్నీ ఒకేరోజు తెప్పించకండి. మొదటి ట్రిప్పు చూసి నచ్చాకే రెండోది రమ్మనండి, అడ్వాన్సూ ఒక్క ట్రిప్పుకే ఇవ్వండి.

ఒక సీఎఫ్‌టీ పొడి వదులు మట్టి 35 నుంచి 40 కిలోలు తూగుతుంది. అంటే 90 సీఎఫ్‌టీ డబ్బా మూడు టన్నుల పైమాటే. తడిసిన మట్టి ఇంకా బరువు. మీద టార్పాలిన్ కప్పకుండా వానలో వచ్చిన బండి మట్టి పెడ్డలు కడుతుంది, నీళ్లు ఆరాక రాళ్లలా తయారవుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో, రోహిణి కార్తె ముగిసేలోపు తెప్పించుకోవాలి. పూడిక కూడా చెరువులు ఎండినప్పుడే తీస్తారు. మృగశిర వచ్చాక చెరువులోకి ట్రాక్టర్ దిగదు.

పది టైర్ల టిప్పర్ తెస్తే తక్కువ పడుతుందని అంటారు. సీఎఫ్‌టీ లెక్కన నిజమే. మీకు కావాల్సింది నాలుగు ట్రాక్టర్ల మట్టి కాబట్టి టిప్పర్ వద్దు. సందులో తిరగదు, డబ్బా లేపితే కరెంటు తీగలకు తగులుతుంది, ఇది ప్రాణాలతో చెలగాటం. బండి వెనక్కి వచ్చే దారిలో సంపు మూత, సెప్టిక్ ట్యాంకు పలకలు, బోరు కేసింగ్ ఎక్కడున్నాయో సున్నంతో గీత గీసి డ్రైవర్‌కు చూపించండి. ట్రాక్టర్ బరువుకే సంపు పలక విరిగే అవకాశం ఉంది. వీధిలో దింపాల్సి వస్తే మురికి కాల్వ మూసుకుపోకుండా, ఆ రోజే లోపలికి ఎత్తించేలా కూలీలను ముందే మాట్లాడుకోండి. పారలు, తట్టలు ఉన్న ఇద్దరికి ఒక ట్రిప్పు మట్టి 40, 50 అడుగుల దూరం మోయడం దాదాపు ఒక పూట పని. వాన పడే సూచనుంటే టార్పాలిన్ రాళ్లతో బిగించండి, లేకపోతే మంచి సన్నమట్టంతా కాల్వలోకి పోతుంది.

మట్టి కూడా గనుల చట్టం కిందికే వస్తుంది. మైనర్ మినరల్ నిబంధనలు 1966 నుంచి అమల్లో ఉన్నాయి. తవ్వకానికి, రవాణాకు అనుమతి కాగితం తోలేవాళ్ల దగ్గర ఉండాలి, అది చూపించమని అడగండి. పూడికకైతే నీటిపారుదల శాఖ దగ్గర కనుక్కోవాలి. రాత్రిపూట తెస్తాం, తక్కువకిస్తాం అనే బండికి దూరంగా ఉండండి.

మొరం మీద మట్టి నేరుగా పోయకండి. అందరూ చేసే తప్పు ఇదే, ఇదొక్కటి సరిచేస్తే సగం పని అయినట్టే. రోలర్ తొక్కిన మొరం మీద ఆరంగుళాల మట్టి పోస్తే నీళ్లు ఆ గట్టి పొర దగ్గర ఆగిపోతాయి, వేర్లు అక్కడే చుట్టూ తిరుగుతాయి, వానాకాలంలో కుళ్లుతాయి. లాన్ జాగాలో మొరాన్ని గడ్డపారతో ఆరంగుళాల లోతున పెళ్లగించి వదులు చేయండి. దాని మీద రెండంగుళాల కొత్త మట్టి పోసి, రెంటినీ పారతో కలపండి. మిగతాది ఆ పైన. పూలమడి జాగాలో మొరం 9 అంగుళాలు తీసేసి బయట పడేయడం మంచిది, లేదంటే అడుగున్నర మట్టి పోసేసరికి మడి మోకాలి ఎత్తుకు లేస్తుంది. తీసిన మొరం దారి వేయడానికి వాడుకోవచ్చు. సిమెంటు ముద్దలు, సున్నం, టైల్స్ ముక్కలు, పెయింటు డబ్బాలు ఏరేయండి. సిమెంటు కలిపిన చోట మొక్క ఎప్పుడూ పసుపు పచ్చగా ఉండిపోతుంది, కారణం వెతికి వెతికి అలసిపోతారు.

ఇంటి గోడకు మట్టి ఆనించకూడదు. బేస్‌మెంట్ పైన ఉండే తేమ ఆపే పొరకు కనీసం ఆరంగుళాలు కిందే మడి పైమట్టం ఉండాలి. లేకపోతే గోడలోకి చెమ్మ ఎక్కి లోపలి పెయింట్ రాలుతుంది, చెదలకు దారి దొరుకుతుంది. కాంపౌండ్ గోడ వెంట మడికి అడుగున నీళ్లు బయటికి పోయే పీవీసీ పైపు ముక్కలు ఐదడుగులకొకటి పెట్టించండి. పెట్టిన చోట లోపలి వైపు గుప్పెడు కంకర పోస్తే మట్టి పైపులోకి జారదు. లాన్ ఇంటి వైపు నుంచి బయటికి వాలాలి. 15 అడుగులకు రెండంగుళాల వాలు చాలు. పైమట్టం పక్క టైల్స్ కన్నా ఒక అంగుళం కింద ఆగాలి, లేదంటే వాన పడ్డ ప్రతిసారీ బురద టైల్స్ మీదికొస్తుంది.

ఎరువు గురించి. మాగిన పెంట కావాలి. నల్లగా, పొడిపొడిగా, పేడ వాసన లేకుండా, చేతిలో వేడి తగలకుండా ఉండాలి. దిబ్బ మధ్యలో చెయ్యి పెడితే వేడి వస్తే ఇంకా మాగలేదు. పచ్చి పేడ కలిపితే మడిలోనే కుళ్లుతూ వేర్లను వేడి చేస్తుంది, చెదలు, వేరుపురుగు దాంతోనే వస్తాయి. తెల్లగా, వంకరగా ముడుచుకుని పడుకున్న లావు పురుగులు ఎరువులో కనిపిస్తే ఎండలో పరిచి కోళ్లకు వదలండి, రెండు రోజుల్లో ఏరేస్తాయి. మడికి 10×4 లెక్కన రెండు కిలోల వేపపిండి కలిపితే చెదలు తగ్గుతాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లీ పొట్టు తేలిగ్గా దొరుకుతుంది, మిర్యాలగూడలో రైస్ మిల్లుల ఊక. ఇవి మట్టిలో కలపడం కన్నా పైన రెండంగుళాలు కప్పడానికి బాగుంటాయి. ఎండ దెబ్బకు మట్టి పెచ్చు కట్టకుండా ఆపుతాయి, నీళ్లు ఆదా అవుతాయి. ఊక బూడిద మాత్రం గుప్పెడు మించి వాడొద్దు, పీహెచ్ పెంచుతుంది.

పోసే తీరు: మట్టి, పూడిక, ఎరువు నేల మీద పొరలుగా పరిచి పారతో రెండుసార్లు తిరగేసి, అప్పుడు మడిలోకి. మడిలో విడివిడిగా పోసి తర్వాత కలుపుదాం అంటే కలవదు, పొరలు పొరలుగా ఉండిపోతుంది. పొరల మధ్య నీళ్లు నిలుస్తాయి. నిండాక రెండు రోజులకోసారి నీళ్లు పోస్తూ రెండు వారాలు ఆగండి. దిమ్మిసతో కొట్టకండి, కాళ్లతో తొక్కకండి. కుంగిన చోట పక్కన ఉంచుకున్న మట్టితో నింపుకోండి.

ఏప్రిల్‌లోనే పోసి జూన్ వరకు టైం ఉంటే ఇంకో పని. మడిని తడిపి, తెల్లటి పారదర్శక పాలిథిన్ షీటు మట్టికి ఆనించి పరిచి, అంచులు మట్టితో మూసేయండి. నాలుగు నుంచి ఆరు వారాల ఎండకు లోపలి కలుపు విత్తనాలు, తెగుళ్ల బూజు చాలావరకు చస్తాయి. నల్ల షీటు కన్నా పారదర్శక షీటే మట్టిని వేడెక్కిస్తుంది. తుంగ గడ్డలకు మాత్రం ఇది పూర్తిగా సరిపోదు.

మీ బోరు నీళ్లు కూడా మట్టిలో భాగమే అనుకోండి. నల్లగొండ బోర్లలో ఫ్లోరైడ్, గట్టిదనం ఎక్కువ. ఏడాది పొడవునా ఆ నీళ్లే పోస్తే మట్టి పీహెచ్ మెల్లగా ఎక్కుతుంది, పైన తెల్లటి పొర కడుతుంది. డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటి వాటికి ఆకు కొసలు మాడిపోవడం ఫ్లోరైడ్ వల్ల కూడా అవుతుంది. వాటికి సూపర్ ఫాస్ఫేట్ వేయకండి, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. పైకప్పు మీది వాననీరు ఒక డ్రమ్ములో పట్టి వీటికి ఇవ్వండి. మిగతా మళ్లకు పెద్ద వాన పడి లోతుకు తడిస్తే చాలు, ఉప్పు కిందికి దిగుతుంది, అందుకే అడుగున నీళ్లు పోయే దారి ఉండాలి.

కూరగాయల మళ్లలో వెంటనే టమాట, వంకాయ పెట్టకండి. జూన్ మొదటి వానలకు పచ్చిరొట్ట ఎరువు కోసం ఒక్కో మడికి 15, 20 గ్రాముల జనుము విత్తనం చల్లండి. ఈసీ కాస్త ఎక్కువ వచ్చిన మట్టి అయితే జనుము బదులు జీలుగ. నలభై ఐదు రోజులకు మొగ్గ తొడిగే దశలో కోసి, ముక్కలు చేసి మట్టిలోకి తొక్కించి, తడి ఆరకుండా చూస్తే మూడు వారాల్లో కుళ్లుతుంది. అది కుళ్లి మడి ఇంకాస్త కుంగాక, పక్కన టార్పాలిన్ కింద ఉంచుకున్న మట్టిలో ఎరువు కలిపి రెండంగుళాలు పైన వేసి, ముందుగా గోంగూర, తోటకూర వేయండి. ఆకుల రంగు చూస్తే ఇంకా ఏం కలపాలో తెలుస్తుంది. కింది ముసలి ఆకులు పాలిపోతే ఎరువు చాలలేదు, పైన కొత్త ఆకులు పాలిపోతే సున్నం సంగతి చూడాలి.